రోజువారీ పని, కొత్త ఆలోచన: ఒకే ఉద్యోగిలో రెండూ ఎలా కుదురుతాయి?

హైదరాబాద్ చుట్టుపక్కల ఏ బల్క్ డ్రగ్ కంపెనీ నాణ్యత పరీక్షల (క్యూసీ) ల్యాబ్‌లోకి వెళ్లినా రెండు రకాల మనుషులు కనిపిస్తారు. ఒకరు షిఫ్ట్‌కి రాగానే లాగ్‌బుక్ తెరుస్తారు. తూకం యంత్రం క్యాలిబ్రేషన్ సరిచూసుకుని, పని విధానం రాసిపెట్టిన పత్రం (ఎస్‌ఓపీ)లో ఉన్న వరుసలోనే ఒక్కో పనీ ముగించి, ముగించిన వెంటనే సంతకం పెడతారు. ఇంకొకరు అదే పని చేస్తూ "ఈ శాంపిల్ తయారీకి ఇంతసేపెందుకు? ఈ కాలమ్ ఊరికే ఎందుకు పాడవుతోంది?" అని ఆరా తీస్తుంటారు. ఆ ఆలోచనలో పడి ఒక్కోసారి సంతకం గడి ఖాళీగా వదిలేస్తారు. అప్రైజల్ వచ్చేసరికి మొదటివారికి 'చొరవ లేదు' అని, రెండోవారికి 'క్రమశిక్షణ లేదు' అని రాస్తారు.

ఇద్దరూ మంచి ఉద్యోగులే. అయినా ఇద్దరికీ తమలో ఏదో లోటుందన్న బెంగ మిగులుతుంది. "నేను రొటీన్ మనిషిని, నాకు కొత్తవి తట్టవు" అని ఒకరు, "నాకు కుదురు లేదు, ఏదీ పూర్తిచేయలేను" అని మరొకరు ఏళ్ల తరబడి తమకు తామే ముద్ర వేసుకుని బతికేస్తారు. ఆ ముద్ర తప్పు. స్వభావానికి పనిలో పాత్ర ఉంది, కానీ అది మనం అనుకునే పాత్ర కాదు. ఏ పని మనకు అలవోకగా వస్తుందో, ఏ పనికి తోడు కావాలో స్వభావం చెబుతుంది. ఏది చేయగలం, ఏది చేయలేం అన్న తీర్పు మాత్రం అది ఇవ్వదు. ఎందుకో, ఎలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఈ రెండు పనులకూ ఎందుకు పడదు?

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సంస్థల తీరుతెన్నులను అధ్యయనం చేసిన జేమ్స్ మార్చ్ 1991లో రాసిన ఒక వ్యాసం ఈ చర్చకు పునాది వేసింది. ఏ సంస్థ అయినా రెండు పనులు చేయాలన్నారాయన. తెలిసినదాన్ని ఇంకా బాగా, ఇంకా వేగంగా, ఇంకా చవగ్గా చేయడం ఒకటి. తెలియనిదాన్ని వెతకడం, ప్రయోగం చేసి చూడడం రెండోది. రెండింటికీ ఖర్చయ్యేది అదే సమయం, అదే డబ్బు, అదే మనుషులు.

అసలు చిక్కు ఫలితం వచ్చే తీరులో ఉంది. ఈ రోజు పరీక్షించాల్సిన శాంపిళ్లు పూర్తయ్యాయో లేదో సాయంత్రానికి తేలిపోతుంది. పరీక్షించే పద్ధతినే మార్చాలన్న ఆలోచన ఫలిస్తుందో లేదో తేలడానికి నెలలు పడుతుంది, చివరికి ఫలించకపోవచ్చు కూడా. ఖాయంగా, త్వరగా, కళ్లెదుట కనిపించే లాభానికే మనిషైనా సంస్థ అయినా మొగ్గుతుంది. ఎవరూ అడ్డుపడకపోయినా కొత్త ఆలోచన 'వచ్చే వారం చూద్దాం' అంటూ వాయిదా పడుతూనే ఉండడానికి కారణం ఇదే. అలాగని కొత్తదాని వెంటే పరుగెత్తే సంస్థకూ మేలు జరగదు. ఏ ఆలోచనా పండేదాకా నిలవదు, సగం సగం ప్రయోగాలే మిగులుతాయి.

ఇంకో కారణం మనసు పనిచేసే తీరుకు సంబంధించింది. రోజువారీ పనిలో తేడా కనిపిస్తే అది పొరపాటు, సరిదిద్దాలి. అన్వేషణలో తేడా కనిపిస్తే అది సమాచారం, వెంటపడి చూడాలి. ఒకే కన్ను ఒకే తేడాను ఒకసారి తప్పుగానూ, ఇంకోసారి ఆధారంగానూ చూడాలి. కష్టమంతా అక్కడే.

ఇందులో స్వభావం వాటా ఎంత?

మనుషుల స్వభావాన్ని ఇప్పుడు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఎక్కువగా ఐదు గుణాలతో కొలుస్తున్నారు. కొత్త విషయాలపై ఆసక్తి, పద్ధతీ పట్టుదలా, నలుగురిలో కలివిడితనం, ఎదుటివారితో సర్దుకుపోయే గుణం, ఆందోళన పడే తత్వం. ఇవి ఉన్నాయా లేవా అని కాదు, ప్రతి మనిషిలోనూ ఐదూ ఎంతో కొంత ఉంటాయి. కవలలపై జరిగిన అధ్యయనాలను బట్టి, మనుషుల మధ్య ఈ గుణాల్లో కనిపించే తేడాల్లో దాదాపు సగం పుట్టుకతో వచ్చేదే. మిగతాది పెంపకం, అనుభవం, వయసు నేర్పేది. పద్ధతిగా పనిచేసే గుణం సగటున ఇరవైల నుంచి నడివయసు దాకా పెరుగుతూ పోతుందని కూడా తేలింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో కుదురుగా ఉండని కుర్రాడు పదేళ్లకు టీమ్‌లో అందరికన్నా నమ్మకస్తుడు కావడం మనం చూస్తూనే ఉంటాం.

మన విషయానికి ముఖ్యమైనవి మొదటి రెండు. కొత్తదనంపై ఆసక్తి అన్వేషణ వైపు లాగుతుంది. పద్ధతీ పట్టుదలా రోజువారీ పని వైపు లాగుతాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఈ రెండు గుణాలూ తక్కెడలో రెండు పళ్లేలని, ఒకటి లేస్తే ఇంకోటి దిగాల్సిందేనని అనుకుంటారు. నిజానికి ఇవి రెండు వేర్వేరు కొలతలు. రెండూ ఎక్కువగా ఉన్నవాళ్లున్నారు, రెండూ తక్కువగా ఉన్నవాళ్లూ ఉన్నారు. 'పద్ధతి మనిషి' అన్నంత మాత్రాన కొత్తదనం లేదని అర్థం కాదు. ఒకటి ఉందని తెలిస్తే రెండోదాని గురించి మనకు తెలిసేది చాలా తక్కువ.

అలాంటప్పుడు పద్ధతిగా ఉండేవారికి కొత్తవి తట్టవనే పేరెందుకు వచ్చింది?

జెన్నిఫర్ జార్జ్, జింగ్ జౌ అనే పరిశోధకులు 2001లో ప్రచురించిన అధ్యయనం దీనికి మంచి జవాబిచ్చింది. పట్టుదల, క్రమశిక్షణ బాగా ఉన్న ఉద్యోగులు ఎప్పుడు కొత్తగా ఆలోచించడం మానేస్తున్నారని వాళ్లు చూశారు. పైఅధికారి నిరంతరం మెడ మీద కూర్చున్నట్టు గమనిస్తూ, పక్కనున్న సహోద్యోగులు సాయపడని చోట వాళ్ల సృజన అడుగంటింది. కొత్తదనంపై ఆసక్తి ఎక్కువగా ఉన్నవారి సంగతీ ఇలాంటిదే. మంచి మాటతో స్పందన వచ్చి, పనిలో ఒకే దారి అని గిరిగీయని చోట మాత్రమే వాళ్ల ఆసక్తి పనికొచ్చే ఆలోచనగా మారింది. అలాంటి చోటు దొరకకపోతే ఆ గుణం ఉండీ ఉపయోగపడలేదు.

దీన్ని కాస్త విడమరిచి చూడాలి. పద్ధతి మనిషికి తన బాధ్యత నెరవేర్చడం ప్రాణం. పైవాళ్లు ప్రతి కదలికనూ కొలుస్తుంటే ఆయన ఆ కొలతకు సరిపోయేలాగే పనిచేస్తాడు. కొలతలో లేని ఆలోచనకు సమయమిస్తే బాధ్యత తప్పినట్టే అనిపిస్తుంది. అంటే ఆయనలో ఆలోచన లేక కాదు, ఆలోచించడం కూడా తన పనేనని ఎవరూ చెప్పక. అదే మనిషికి 'ప్రతి శుక్రవారం ఈ పద్ధతిలో లోపాలు రెండు వెతికి రాయండి' అని బాధ్యతగా అప్పగిస్తే, వదలకుండా వెతికి రాస్తాడు. పట్టుదల ఎటు తిప్పితే అటు పనిచేస్తుంది.

పద్ధతే ఆవిష్కరణకు దారితీసిన సందర్భం ఉందా?

ఉంది. జపాన్‌లోని క్యోటోలో షిమాడ్జు అనే పరికరాల కంపెనీ ఉంది. కొయిచి తనాకా 1983లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ డిగ్రీతో అందులో చేరారు. పీహెచ్‌డీ లేదు, రసాయనశాస్త్రం ఆయన సబ్జెక్టు కాదు. పెద్ద అణువులను లేజర్‌తో ఆవిరి చేసి వాటి బరువు తూచే పరికరం తయారుచేసే ఐదుగురి బృందంలో ఆయనొకరు. అప్పటికి ఉన్న చిక్కేమిటంటే, లేజర్ తగలగానే పెద్ద అణువులు ముక్కలైపోయేవి. లేజర్ వేడిని మధ్యలో తాను తీసుకుని అణువును ముక్కలు కాకుండా పైకి లేపే పదార్థం కోసం తనాకా రకరకాల మిశ్రమాలు ప్రయత్నిస్తున్నారు. రోజూ అదే పని. మిశ్రమం కలపడం, పరికరంలో పెట్టడం, లేజర్ కొట్టడం, గ్రాఫ్ చూడడం, రాసుకోవడం.

1985 ఫిబ్రవరిలో ఒకరోజు కోబాల్ట్ సన్నపొడిలో అసిటోన్ పోయబోయి పొరపాటున గ్లిజరిన్ పోశారు. వెంటనే తప్పు తెలిసింది. కానీ కోబాల్ట్ పొడి ఖరీదైనది, పారేస్తే వృథా. ఎలాగూ వాక్యూమ్‌లో గ్లిజరిన్ ఆవిరైపోతుంది కదా అని దాన్నే పరికరంలో పెట్టారు. త్వరగా ఆరాలని లేజర్ కొడుతూ, ఆరిందో లేదో చూడడానికి తెర మీది గ్రాఫ్‌ను వదలకుండా గమనిస్తూ కూర్చున్నారు. అంతకుముందెప్పుడూ ఏమీ కనిపించని చోట చిన్న శిఖరం లేచింది. అది పరీక్షకు పెట్టిన విటమిన్ బీ12 అణువు, ముక్కలు కాకుండా నిలబడింది. యంత్రం చేసే గోలేమోనని ఆయన మళ్లీ మళ్లీ చేసి చూసి నిర్ధారించుకున్నారు. తర్వాతి రెండేళ్లలో బృందం దీన్ని ప్రొటీన్లకు వర్తింపజేసింది. 2002లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ ఉదంతాన్ని అదృష్టం అని తీసేయడం తేలిక. కానీ ఏ గుణం ఎక్కడ పనిచేసిందో చూడండి. పొదుపుగా ఉండడం, గ్రాఫ్‌ను వదలకుండా చూడడం, ప్రతి ప్రయత్నాన్నీ రాసుకుని ఉండడం వల్ల 'ఇది ఇంతకుముందు లేదు' అని గుర్తుపట్టగలగడం: ఇవన్నీ పద్ధతి మనిషి గుణాలు. చెడిన మిశ్రమంతోనూ ఏం జరుగుతుందో చూద్దామనుకోవడం, తేడాను తుడిచేయకుండా దాని వెంటపడడం కొత్తదనం కోరే మనిషి గుణాలు. ఏ ఒక్కటి లేకపోయినా ఆ శిఖరం ఎవరి కంటా పడేది కాదు. మామూలు ఎలా ఉంటుందో క్షుణ్ణంగా తెలిసినవారికే మామూలు కానిది కనిపిస్తుంది. రోజువారీ పనిని చిన్నచూపు చూసేవాళ్లు మరిచిపోయే సంగతి ఇదే.

మిగతా మూడు గుణాలకు పని లేదా?

ఉంది. ఆలోచన తట్టడం ఒక ఎత్తు, దాన్ని నలుగురి చేత ఒప్పించడం ఇంకో ఎత్తు. కలివిడిగా ఉండేవారు రెండో పని సులువుగా చేస్తారు. మితభాషికి మంచి ఆలోచన ఉన్నా మీటింగ్‌లో ఎవరో ఒకరు అందుకుని మాట్లాడేసరికి నోట్‌బుక్‌లోనే ఉండిపోతుంది. రాసి ఇచ్చే వీలుంటే ఆ నష్టం ఉండదు.

సర్దుకుపోయే గుణం టీమ్‌ను కలిపి ఉంచుతుంది. అయితే 'సార్, ఈ పద్ధతి తప్పు' అని చెప్పాల్సిన చోట నోరు కట్టేస్తుంది. మన ఆఫీసుల్లో పెద్దవారి మాటకు ఎదురు చెప్పకూడదన్న సంస్కారం దీనికి తోడవుతుంది. ఆ సంస్కారాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు. పెద్దవారే ముందుగా 'ఇందులో లోపాలు చెప్పండి' అని అడిగితే మర్యాద చెడకుండానే నిజం బయటికొస్తుంది.

ఆందోళన పడేవారు పొరపాటును అందరికన్నా ముందు పసిగడతారు. కానీ తప్పు జరిగితే మాట పడాల్సి వస్తుందని తెలిసిన చోట ప్రయోగానికి దూరంగా ఉంటారు. తప్పు చెప్పుకున్నా అవమానం జరగదన్న భరోసా ఉన్న బృందాలే ఎక్కువ నేర్చుకుంటాయని హార్వర్డ్ ఆచార్యురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1999లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. ఆ భరోసా అందరికీ మంచిదే, ఆందోళన పడేవారికి మాత్రం తప్పనిసరి.

ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడం ఎందుకంత కష్టం?

పరిశోధకురాలు డానియెల్లా లౌరెయిరో మార్టినెజ్, ఆమె సహచరులు అనుభవమున్న మేనేజర్లను నిర్ణయాలు తీసుకునే ఆట ఆడిస్తూ వాళ్ల మెదడును స్కాన్ చేశారు. 2015లో ఫలితాలు వెలువడ్డాయి. తెలిసిన లాభాన్నే మళ్లీ ఎంచుకున్నప్పుడు బహుమానాన్ని ఆశించే మెదడు భాగాలు చురుగ్గా ఉన్నాయి. దాన్ని వదిలి కొత్తది ప్రయత్నించినప్పుడు ధ్యాసను అదుపు చేసే భాగాలు పనిచేశాయి. ఆ అదుపు బలంగా ఉన్నవారే ఆటలో మెరుగైన నిర్ణయాలు తీసుకున్నారు.

దీన్నిబట్టి ఒక సంగతి స్పష్టమవుతుంది. కొత్తదాని వైపు మళ్లడం ధ్యాసకు సంబంధించిన శ్రమ. తీరిక లేకుండా, అలసిపోయి, గంటకో మెయిల్‌కి జవాబిస్తూ ఉన్న మనిషి దగ్గర ఆ ధ్యాస మిగలదు. నైట్ షిఫ్ట్ చివర్లో ఎవరికీ కొత్త ఆలోచన రాకపోవడానికి స్వభావాన్ని నిందించి లాభం లేదు. రెండు పనులనూ ఒకే గంటలో కలిపి చేయమనడం కన్నా వేర్వేరు వేళలు కేటాయించడం మేలనేది అందుకే.

మనుషులను మార్చకుండా పని తీరును మార్చడం సాధ్యమేనా?

దీనికి నాకు తెలిసిన బలమైన సాక్ష్యం అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, ఫ్రీమాంట్‌లో కనిపించింది. అక్కడి జనరల్ మోటార్స్ కార్ల కర్మాగారం గైర్హాజరుకు, గొడవలకు పేరుపడి 1982లో మూతపడింది. 1984లో టయోటాతో కలిసి అదే చోట 'నూమీ' పేరుతో మళ్లీ తెరిచారు. కార్మికుల్లో అత్యధికులు పాతవాళ్లే, యూనియన్ కూడా పాతదే. కొద్దికాలానికే అది అమెరికాలో నాణ్యతకు పేరు తెచ్చుకున్న కర్మాగారమైంది. స్వభావాలు రెండేళ్లలో మారిపోవు. మారింది ఏర్పాటు.

పరిశోధకుడు పాల్ ఆడ్లర్, ఆయన సహచరులు అక్కడ చాలాకాలం పరిశీలించి ఆ ఏర్పాటును నాలుగు రకాలుగా వివరించారు. మొదటిది, మార్పు తేవడానికే ఒక పద్ధతి ఉండేది. సమస్యను ఎలా రాయాలి, కారణం ఎలా వెతకాలి, సూచన ఎవరికివ్వాలి అన్నది అందరికీ తెలిసి ఉండేది. దానివల్ల పద్ధతి మనిషికి కూడా కొత్తదనం అలవాటైన పనే అయింది. రెండోది, లైన్ మీద పనిచేసేవారికే ఆ పనిని మెరుగుపరిచే బాధ్యతా అప్పగించారు. స్టాప్‌వాచ్ పట్టుకుని తమ పనిని తామే కొలుచుకుని, వరుస తామే రాసుకునేవారు. మూడోది, వేళలు విడదీశారు. కొత్త మోడల్ వచ్చే ముందు కొంతమంది కార్మికులను లైన్ నుంచి తప్పించి ప్రయోగాల బృందంలో ఇంజనీర్లతో కూర్చోబెట్టేవారు, పని ముగిశాక వాళ్లు లైన్‌కు తిరిగి వచ్చేవారు. నాలుగోది, ఎప్పుడూ కొత్తవే చూసే ప్రత్యేక విభాగాలు ఉండేవి.

ఇన్ని దారులున్నాయంటే వేర్వేరు స్వభావాలకు చోటుందన్నమాట. ఎప్పుడూ వెతుకుతుండేవారికి ప్రత్యేక విభాగం, అప్పుడప్పుడూ మార్పు కోరేవారికి ప్రయోగాల బృందం, ఉన్నచోటే ఉండి బాగుచేయాలనుకునేవారికి సూచనల పద్ధతి. ఎవరినీ తాము కాని మనిషిగా మారమనలేదు.

మన క్యూసీ ల్యాబ్‌కూ ఇది వర్తిస్తుంది. మందుల పరీక్షలో నడుమ పద్ధతి మార్చడానికి వీల్లేదు, మింగే రోగి ప్రాణం దాని మీద ఆధారపడి ఉంది. ఆ కట్టుబాటు సరైనదే. అయితే ఆ వ్యవస్థలోనే చేంజ్ కంట్రోల్ అనే దారీ ఉంది. ఆలోచన రాసి ఇస్తారు, దానివల్ల ముప్పేమిటో అంచనా వేస్తారు, పరీక్షించి రుజువు చేస్తారు, ఆమోదం పొందాక ఎస్‌ఓపీ మార్చి అందరికీ శిక్షణ ఇస్తారు. ఈ దారిలో ప్రశ్న అడిగే మనిషి మొదటి మెట్టు మీద కావాలి, పద్ధతి మనిషి చివరిదాకా కావాలి. ఆవిష్కరణ అంటూ ఏదైనా నిలవాలంటే చివరికి అది రేపటి రోజువారీ పనిగా మారాల్సిందే. చాలాచోట్ల ఆలోచన రాసిచ్చే ఆ ఫారం ఆడిట్ కోసమే ఉందనుకుని వదిలేస్తారు. దాన్ని మామూలు అనలిస్ట్ చేతికి అందేలా చేయడమే మేనేజర్ చేయగల పెద్ద మేలు.

అలాగైతే ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడే పర్సనాలిటీ టెస్ట్ పెట్టి ఏరుకోవచ్చు కదా?

టెస్ట్ తప్పని అనను, దాని మీద మోపే భారం తప్పు. పరిశోధకులు ముర్రే బారిక్, మైఖేల్ మౌంట్ 1991లో ఎన్నో అధ్యయనాలను క్రోడీకరించారు. అన్ని రకాల ఉద్యోగాల్లోనూ పనితీరుతో నిలకడగా ముడిపడింది పద్ధతీ పట్టుదలా అనే గుణమేనని తేల్చారు. అయినా ఆ సంబంధం 0.2 దరిదాపుల్లోనే ఉంది. అంటే మనుషుల పనితీరులో కనిపించే తేడాల్లో నూటికి దాదాపు నాలుగు వంతులను మాత్రమే అది వివరిస్తుంది. మిగతాదంతా నైపుణ్యం, శిక్షణ, పైఅధికారి, పని ఏర్పాటు, ఇంటి పరిస్థితి వంటివాటి చేతిలో ఉంది. నాలుగు వంతుల ఆధారంతో ఒక మనిషిని జీవితాంతం 'రొటీన్ క్యాండిడేట్' అని పక్కనపెట్టడం అన్యాయం.

మరి నేనేం చేయాలి?

ముందుగా మీ మొగ్గు ఎటో గమనించుకోండి. అలసిపోయిన రోజు మీరు ఏ పనిని ఇష్టంగా చేస్తారో, ఏ పనిని రేపటికి నెడతారో చూస్తే తెలిసిపోతుంది.

పద్ధతి వైపు మొగ్గేవారైతే, కొత్త ఆలోచనను మూడ్‌కు వదలకుండా పట్టికలో పెట్టండి. వారంలో ఒక గంట. పని మధ్యలో 'ఇదెందుకిలా?' అనిపించిన ప్రతిసారీ ఒక్క వాక్యం రాసి పక్కన పెట్టి పని కొనసాగించండి. ఆ గంటలో ఆ వాక్యాలే ముందు పెట్టుకోండి. ఇన్నేళ్లుగా మీరు చూసిన 'మామూలు' మీ దగ్గరున్న ఆస్తి.

కొత్తదనం వైపు మొగ్గేవారైతే, ఒకేసారి ఒకే ఆలోచన పట్టుకోండి, మిగతావి రాసి ఉంచండి. రోజువారీ పనికి చెక్‌లిస్ట్ వాడండి. అది మీ తెలివికి అవమానం కాదు, ధ్యాసను మంచి ప్రశ్నకు మిగిల్చే సాధనం. పూర్తిచేసే గుణమున్న సహోద్యోగిని మొదటిరోజు నుంచే కలుపుకోండి, ఆలోచనలో ఆయన పేరూ రాయండి.

టీమ్ నడిపేవారైతే, సోమవారం మీటింగ్‌లో టార్గెట్ లెక్కలు అడిగిన నోటితోనే 'ఈ వారం తేడాగా ఏం కనిపించింది?' అని కూడా అడగండి. జవాబిచ్చినవారిని ఆ తేడాకు బాధ్యులను చేయకండి. ఆ ప్రశ్నకు ప్రతివారం జవాబు వస్తోందంటే మీ టీమ్‌లో రెండు పనులూ జరుగుతున్నట్టే. నెల గడిచినా ఎవరూ నోరు విప్పలేదంటే, వెతకాల్సిన లోపం వాళ్ల స్వభావంలో లేదు, మీరు చేసిన ఏర్పాటులో ఉంది.